మరిగిస్తే పోయే విషం, మరిగిస్తే పోయే మందు

చైనాలో పాతకాలపు మందుల కొట్టుకి వెళ్తే గోడ నిండా చిన్న చిన్న చెక్క సొరుగులు కనిపిస్తాయి. వైద్యుడు రాసిచ్చిన చీటీ చూసుకుంటూ కొట్టతను ఒక్కో సొరుగూ లాగి వేర్లు, బెరళ్లు, ఎండుపూలు చిన్న త్రాసులో తూచి పొట్లం కడతాడు. ఇంటికి తెచ్చుకున్నాక మట్టికుండలో నీళ్లు పోసి మరిగించాలి. ఇనప గిన్నె పనికిరాదంటారు. చూడ్డానికి మన కషాయమే. కానీ ఆ చీటీలో మందు పేరు పక్కన చిన్న అక్షరాలతో రాసే సూచనలుంటాయి, అసలు సంగతంతా వాటిలో ఉందనిపిస్తుంది నాకు. ఫలానాది ముందు వెయ్యాలి, ఫలానాది దించబోయే ముందు వెయ్యాలి అని. పుదీనా ఆఖర్న పడుతుంది, లేకపోతే దాని నూనె ఆవిరైపోతుంది. ఫూజి అనే దుంప మాత్రం అన్నిటికంటే ముందు పడాలి. మిగతావి వెయ్యకముందే అరగంట నుంచి గంటసేపు అదొక్కటే ఉడకాలి.

ఫూజి మన వత్సనాభికి దగ్గరి చుట్టం. రెండూ అకోనిటమ్ జాతివే. పచ్చి దుంపలో అకోనిటిన్ అనే విషం ఉంటుంది. నరాల్లోనూ గుండె కండరంలోనూ సోడియం వెళ్లే దారులు తెరుచుకున్నవి మళ్లీ మూసుకోకుండా చేస్తుందది. మొదట పెదాలు చిమచిమలాడతాయి, నాలుక మొద్దుబారుతుంది, తర్వాత గుండె లయ తప్పుతుంది. మనిషి ప్రాణం తీయడానికి రెండు మిల్లీగ్రాములు చాలంటారు. అయితే ఈ అణువుకి ఒక బలహీనత ఉంది. నీళ్లలో ఎక్కువసేపు మరిగితే దాని పక్కన వేలాడే రెండు గుంపులు ఒకదాని తర్వాత ఒకటి తెగిపోతాయి. మిగిలేదానికి విషం చాలా తక్కువ. ఈ రసాయనశాస్త్రం తెలియకుండానే చైనా వైద్యులు దుంపని ఉప్పునీళ్లలో నానబెట్టడం, ఆవిరి మీద ఉడకబెట్టడం, ముక్కలు కోసి మళ్లీ ఉడకబెట్టడం నేర్చుకున్నారు. దుంప సరిగ్గా తయారైందో లేదో తేల్చడానికి చిన్న ముక్క నాలుక మీద పెట్టుకుని చూసేవారు. తిమ్మిరెక్కితే ఇంకా ఉడకాలి. మన ఆయుర్వేదంలోనూ వత్సనాభిని గోమూత్రంలోనో పాలలోనో శుద్ధి చెయ్యకుండా వాడరు.

సంప్రదాయ వైద్యానికి ఇది బాగా చేతనైన పని. తిన్న గంటలో మనిషి పడిపోతే ఏది తిని పడిపోయాడో ఊరంతటికీ తెలుస్తుంది. ఇలా తరాల తరబడి చూస్తూ పోతే ఏ దుంప చంపుతుంది, ఎంతసేపు ఉడికితే చంపదు అన్నది నికరంగా తేలిపోతుంది.

మలేరియా దగ్గరికొచ్చేసరికి కథ మారుతుంది. మలేరియా జ్వరం దానంతటదే వస్తుంది, దానంతటదే పోతుంది, మళ్లీ వస్తుంది. చలీ వణుకూ మొదలైనప్పుడు ఏ కషాయం తాగినా కొన్ని గంటల్లో చెమటలు పోసి జ్వరం దిగుతుంది, పేరు కషాయానికి వస్తుంది. అందుకే చైనా గ్రంథాల్లో 'రోజు విడిచి రోజు వచ్చే జ్వరం' కింద వందల కొద్దీ మందులు పోగుపడ్డాయి. వాటిలో చాంగ్‌షాన్ అనే పొద వేరు నిజంగానే పనిచేస్తుంది. దాన్లోని ఫెబ్రిఫ్యూజిన్ మలేరియా క్రిమిని చంపుతుంది కూడా. చిక్కేమిటంటే తాగినవాడికి వాంతులు ఆగవు. మిగతావాటిలో ఏది మందు, ఏది కాకతాళీయం అన్నది జ్వరాన్ని చూసి చెప్పలేం, రక్తపు చుక్కలో క్రిమిని చూసే చెప్పాలి. ఆ క్రిమి దోమ కడుపులో పెరుగుతుందని రొనాల్డ్ రాస్ సికింద్రాబాద్‌లో సూక్ష్మదర్శిని ముందు కూర్చుని కనుక్కున్నది 1897 ఆగస్టు 20న.

ఆ తర్వాత డెబ్బై ఏళ్లకి వియత్నాం అడవుల్లో సైనికులు తూటాలకంటే మలేరియాకే ఎక్కువ భయపడాల్సిన పరిస్థితి వచ్చింది. అప్పటిదాకా నమ్ముకున్న క్లోరోక్విన్‌కి క్రిమి లొంగడం మానేసింది. ఉత్తర వియత్నాం సాయమడిగితే చైనా ప్రభుత్వం 1967 మే 23న ఒక రహస్య సైనిక పరిశోధన మొదలుపెట్టింది. ఆ తేదీ మీదుగానే దానికి ప్రాజెక్ట్ 523 అని పేరు. సాంస్కృతిక విప్లవం రోజులవి. విశ్వవిద్యాలయాలు మూతపడి, పెద్ద శాస్త్రవేత్తలు పొలాల్లో మట్టి మోస్తున్నారు. 1969 జనవరిలో బీజింగ్‌లోని సంప్రదాయ వైద్య అకాడమీలో ఈ పని తూ యూయూ అనే 38 ఏళ్ల మహిళకి అప్పజెప్పారు. ఆమెకి డాక్టరేట్ లేదు, విదేశాల్లో చదవలేదు. ఔషధశాస్త్రం చదివి, తర్వాత రెండున్నరేళ్లు ప్రత్యేకంగా చైనా వైద్యమూ నేర్చుకున్న మనిషి. భర్తని అప్పటికే దూరప్రాంతానికి శ్రమకి పంపేశారు. పెద్ద కూతుర్ని శిశుసదనంలో, చిన్నదాన్ని ఊళ్లో అమ్మానాన్నల దగ్గర వదిలి ఆమె హైనాన్ దీవికి మలేరియా రోగుల్ని చూడ్డానికి వెళ్లింది.

మూడు నెలల్లో పాత పుస్తకాలు తిరగేసి, వృద్ధ వైద్యుల్ని అడిగి రెండు వేలకి పైగా మందుల కూర్పులు పోగుచేసింది. అందులోంచి 640 ఏరి ఒక నోటు పుస్తకంగా కూర్చింది. ఆమె బృందం సుమారు 200 మూలికల నుంచి 380కి పైగా సారాలు తీసి మలేరియా సోకిన ఎలుకలకి పట్టించి చూసింది. చాలా వాటిలో చెప్పుకోదగ్గదేమీ లేదు. మిరియాల సారం ఎలుకల్లో ఆశ పెట్టి, హైనాన్ రోగుల దగ్గర తేలిపోయింది. జ్వరబాధ కాస్త తగ్గిందే గానీ రక్తంలో క్రిమి అలాగే ఉంది. ఛింగ్‌హావ్ అనే మొక్క ఒకసారి క్రిముల్ని 68 శాతం అణిచింది. మళ్లీ చేస్తే 12, ఇంకోసారి 40. ఏ ప్రయోగశాలైనా ఇలాంటి మొక్కని పక్కన పెట్టేస్తుంది. వీళ్లూ కొన్నాళ్లు పెట్టేశారు.

తూ యూయూ మళ్లీ పుస్తకాల్లోకి వెళ్లింది. నాలుగో శతాబ్దపు వైద్యుడు గె హోంగ్ అత్యవసర చికిత్సల మీద రాసిన చేతిపుస్తకంలో ఈ మొక్క గురించి ఒక్క వాక్యం ఉంది. గుప్పెడు ఛింగ్‌హావ్ నీళ్లలో నానబెట్టి, పిండి, ఆ రసమంతా తాగమని. అన్ని మూలికల్నీ మరిగించే దేశంలో ఈయన పొయ్యి ఊసే ఎత్తలేదు. వేడికి మందు చెడిపోతోందేమో అన్న అనుమానం ఆమెకి అక్కడ తట్టింది. నీటికి బదులు 35 డిగ్రీల దగ్గరే మరిగే ఈథర్‌తో సారం తీయడం మొదలుపెట్టారు. వేడి తప్పడం ఒక్కటే కాదు, అసలు పదార్థం నీళ్లలో సరిగ్గా కరగదు, ఈథర్‌లో కరుగుతుంది. పచ్చి మొక్కని నలిపి పిండితే మాత్రం ఆకు నూనెలతో కలిసి ఆ పదార్థం రసంలోకి బాగానే దిగుతుందని తర్వాతి ప్రయోగాల్లో తేలింది. గె హోంగ్ పిండమన్నది ఊరికే కాదన్నమాట.

పనిచేసిన తీరు వింటే ఇప్పుడు ఏ భద్రతాధికారైనా గుండె పట్టుకుంటాడు. మందుల ఫ్యాక్టరీలు మూసి ఉన్నాయి కాబట్టి ఇళ్లలో నీళ్లు నింపుకునే గాబుల్లో పోసి ఈథర్‌తో సారం తీశారు. గాలి ఆడని గదులు. బృందంలో పలువురికి తలతిరుగుడు, ముక్కు నుంచి రక్తం. తూ యూయూ కాలేయం దెబ్బతింది. సారంలోని ఆమ్లభాగం ఎలుకలకి విషమైంది, మందు గుణమూ లేదు. దాన్ని తీసేస్తే మిగిలిన తటస్థ భాగమే 191వ నమూనా. 1971 అక్టోబర్ 4న అది ఎలుకల్లో క్రిమిని నూటికి నూరుపాళ్లూ తుడిచిపెట్టింది. తర్వాత కోతుల్లోనూ అంతే. 1972 జూలైలో ఆమె, మరో ఇద్దరు సహోద్యోగులు ఆస్పత్రిలో చేరి ముందు తామే తాగారు. ఏమీ కాలేదు. ఆ తర్వాతే రోగులకి ఇచ్చారు. నవంబరుకల్లా శుద్ధమైన తెల్లటి స్ఫటికాలు చేతికొచ్చాయి. అదే ఆర్టిమిసినిన్.

15 కార్బన్లు, 22 హైడ్రోజన్లు, 5 ఆక్సిజన్లు. నైట్రోజన్ లేదు. అప్పటిదాకా వాడుతున్న క్వినైన్, క్లోరోక్విన్ రెండింటిలోనూ నైట్రోజన్ ఉండేది కాబట్టి రసాయనవేత్తలు తెల్లబోయారు. ఈ అణువు మధ్యలో రెండు ఆక్సిజన్లు ఒకదాన్నొకటి పట్టుకుని ఉంటాయి. పెరాక్సైడ్ వంతెన అంటారు దాన్ని. ఎక్కుపెట్టిన ఎలుకల బోను లాంటిదది, మీట తగిలేదాకా కదలదు. మలేరియా క్రిమి మన ఎర్రకణాల్లో కూర్చుని హిమోగ్లోబిన్‌ని తింటుంది. తిన్నప్పుడు హీమ్ రూపంలో ఇనుము బయటపడుతుంది. ఆ ఇనుమే మీట. అది తగలగానే వంతెన తెగి, పుట్టిన చురుకైన ముక్కలు క్రిమి ప్రోటీన్లకి ఎక్కడపడితే అక్కడ అతుక్కుని పాడుచేస్తాయి. క్రిమి తన తిండితోనే చస్తుంది.

2015లో తూ యూయూకి నోబెల్ వచ్చినప్పుడు చైనా వైద్యం గెలిచిందని కొందరు, అది కేవలం ఆధునిక రసాయనశాస్త్ర విజయమని ఇంకొందరు వాదించుకున్నారు. నోబెల్ కమిటీ తాము సంప్రదాయ వైద్యానికి బహుమతి ఇవ్వడం లేదని చెప్పింది. యున్నాన్, షాన్‌డాంగ్ బృందాలు కూడా విడిగా స్ఫటికాలు తీశాయి, గ్వాంగ్‌జౌ వైద్యులు రోగుల మీద గట్టి పరీక్షలు చేశారు, వాళ్ల వాటా ఏమిటన్న తగువు ఇప్పటికీ ఉంది. నా మటుకు నాకు గె హోంగ్ వాక్యం లేకపోతే ఈథర్ ఆలోచన రావడం కష్టమే అనిపిస్తుంది. కానీ ఆ వాక్యం పదహారు వందల ఏళ్లు అక్కడే ఉంది. పక్కనే పనికిరాని వందల వాక్యాలూ ఉన్నాయి. వేటిని నమ్మాలో పుస్తకం చెప్పలేదు, మలేరియా సోకిన ఎలుకలు చెప్పాయి.

పుస్తకం చెప్పనివి ఇంకా చాలా ఉన్నాయి. ఛింగ్‌హావ్ పేరుతో ఒకటికి మించి మొక్కలు చలామణిలో ఉండేవి. మందు ఉన్నది ఆర్టిమిసియా అన్యువా అనే ఒక్కదాన్లోనే. దాన్లోనూ కాండంలో కాదు, ఆకుల్లో. బీజింగ్ చుట్టుపక్కల మొక్కల్లో అతి తక్కువ, సిచువాన్ మొక్కల్లో ఎక్కువ. పూత రాకముందు కోస్తే ఒక లెక్క, ముదిరాక కోస్తే ఇంకో లెక్క. 68 శాతం 12కి పడిపోవడం వెనక ఇవి కూడా ఉన్నాయి. ఈ మొక్క చుట్టాలు మనకీ పరిచయమే. వినాయక చవితి పత్రిలో అన్నిటికంటే ముందు వేసే మాచీపత్రం, పూలదండల్లో గుచ్చే దవనం రెండూ ఆర్టిమిసియాలే. ఆకు నలిపి వాసన చూస్తే ఆ ఘాటు వెంటనే తెలుస్తుంది. అయితే మలేరియాకి పనికొచ్చేంత ఆర్టిమిసినిన్ మాత్రం వాటిలో ఉండదు.

ఇక రెండో వైపు. 1990ల మొదట్లో బ్రసెల్స్‌లో కొందరు నడివయసులోపు ఆడవాళ్లు కిడ్నీలు పూర్తిగా పాడై ఆస్పత్రులకి వచ్చారు. అందరూ ఒకే చోట బరువు తగ్గడానికి చైనా మూలికలున్న మాత్రలు వాడారు. మాత్రల్లో ఉండాల్సింది స్టెఫానియా టెట్రాండ్రా వేరు. దాని చోట అరిస్టొలోకియా ఫాంగ్చీ అనే మరో మొక్క వేరు వచ్చిపడింది. చైనా మార్కెట్లో రెండింటికీ దాదాపు ఒకే పేరు, చూపులకీ దగ్గర. 1993లో వైద్యులు సంగతి బయటపెట్టారు. బాధితులు వందకి పైగా తేలారు. కిడ్నీలు చెడిపోయిన వాళ్లలో 39 మందికి ముందుజాగ్రత్తగా కిడ్నీలు, మూత్రనాళాలు తీసి పరీక్షిస్తే 18 మందిలో కాన్సర్ కనిపించింది.

ఆ వేరులో ఉండే అరిస్టొలోకిక్ ఆమ్లం శరీరంలో మారి డీఎన్‌ఏలో ఎ అక్షరంతో రాసే అడినిన్‌కి అతుక్కుంటుంది. ఆ చోట తప్పు అక్షరం పడుతుంది. ఎ ఉండాల్సిన చోట టి. ఈ మార్పు ఎంత ప్రత్యేకమైందంటే కణితిలోని డీఎన్‌ఏ చదివి ఈ రోగి ఆ మొక్క తిన్నాడని చెప్పవచ్చు. తైవాన్‌లో మూత్రనాళ కాన్సర్ కణితుల్లో ఈ ముద్ర విరివిగా దొరికింది. బాల్కన్ పల్లెల్లో దశాబ్దాలుగా అంతుపట్టని కిడ్నీ జబ్బుకీ ఇదే మూలం. గోధుమ చేలలో కలుపుగా పెరిగే అరిస్టొలోకియా గింజలు పిండిలో కలిసి రొట్టెల్లోకి వెళ్లాయి. ఈ ఆమ్లం ఉన్న మొక్కల్ని ప్రపంచ ఆరోగ్య సంస్థ కాన్సర్ పరిశోధన విభాగం పొగాకుతో పాటు, కాన్సర్ తెస్తాయని రుజువైన వాటి మొదటి వర్గంలో పెట్టింది.

ఈ జాతి మొక్కల్ని చైనా, ఐరోపా, భారతదేశం మూడూ వేల ఏళ్లు వాడాయి. వత్సనాభి సంగతి పసిగట్టిన అదే అనుభవం దీన్ని పట్టుకోలేకపోయింది. ఇవాళ తిన్న వేరుకి పదేళ్ల తర్వాత మూత్రంలో రక్తం పడితే ఆ రెండింటినీ ఏ వైద్యుడు ముడిపెట్టగలడు? నాలుక మీద తిమ్మిరి రాదు, కడుపులో వికారం రాదు. "మా తాతల కాలం నుంచీ వాడుతున్నాం, ఏమీ కాలేదు" అన్న మాట గంటల్లో, రోజుల్లో కనబడే నష్టానికి మంచి సాక్ష్యమే. ఏళ్ల తర్వాత వచ్చేదానికి సాక్ష్యమే కాదు. మన దగ్గర నులిపురుగులకీ చర్మవ్యాధులకీ చెప్పే గాడిదగడపాకు, పాముకాటుకి వాడే ఈశ్వరి వేరు రెండూ అరిస్టొలోకియాలే. రెండింటిలోనూ ఆ ఆమ్లం ఉంది. చిట్కాలు చెప్పేవాళ్లు వీటిని ఇంకా చెబుతూనే ఉన్నారు. లోపలికి తీసుకునే మందుగా వీటిని వదిలెయ్యాలనే నేనంటాను.

అలాగని పాషాణం పేరు వినగానే పారిపోనక్కర్లేదు. 1970ల్లో చైనాలోని హార్బిన్ నగర వైద్యులు ఒక పల్లె వైద్యుడి మందుని పరీక్షించారు. అందులో ఆర్సెనిక్, పాదరసపు లవణం, కప్ప విషం కలిపి ఉన్నాయి. విడదీసి చూస్తే పనిచేసేది ఆర్సెనిక్ ఒక్కటే అని, అదీ ఒక రకం రక్తకాన్సర్‌కి అద్భుతంగా పనిచేస్తుందని తేలింది. ఇప్పుడు దాన్ని ప్రపంచమంతా ఇంజెక్షన్‌గా వాడుతోంది.

ఛింగ్‌హావ్ పేరు మోగాక ఎండాకు టీ అమ్మేవాళ్లూ బయల్దేరారు. మాత్రల కంపెనీలు దోచుకుంటున్నాయి, ఆకు మరిగించుకుని తాగితే చాలంటారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఈ టీ వద్దని గట్టిగానే చెబుతోంది. ఆకులో మందు ఎంతుందో తెలియదు, నీళ్లలోకి దిగేది అంతకన్నా తక్కువ. పైగా ఆర్టిమిసినిన్ ఒంట్లో కొన్ని గంటలే నిలుస్తుంది. అరకొర మోతాదుకి చావగా మిగిలిన క్రిములు మొండికెత్తుతాయి. పశ్చిమ కంబోడియాలో అలా మొండికెత్తిన క్రిములు ఇప్పటికే బయటపడ్డాయి. అందుకే ఆర్టిమిసినిన్ మందుల్ని ఒంటరిగా ఇవ్వరు, నిదానంగా పనిచేసే ఇంకో మందుతో జోడిస్తారు. పాడేరు ఏజెన్సీలో ఫాల్సిపారమ్ అనే ప్రమాదకరమైన రకం మలేరియా తేలిన రోగికి ఇచ్చే మాత్రల అట్ట వయసుని బట్టి రంగు మారుతుంది. ఏడాదిలోపు పసివాళ్లకి గులాబి, ఐదు నుంచి ఎనిమిదేళ్ల వాళ్లకి ఆకుపచ్చ, పెద్దవాళ్లకి తెలుపు. అందులో ఆర్టిమిసినిన్ నుంచి తయారయ్యే ఆర్టిసునేట్ మూడు రోజులకి ఉంటుంది. మొదటి రోజుకే జ్వరం దిగిపోతుంది, చాలామంది అక్కడితో అట్ట పక్కన పడేస్తారు. అందుకే ఆశా కార్యకర్తలు రెండో రోజూ మూడో రోజూ ఇంటికి వెళ్లి దగ్గరుండి మింగించాల్సి వస్తుంది.