వెళ్ళారా, వెళ్ళొచ్చారా? ప్రెజెంట్ పర్ఫెక్ట్‌పై అపోహలు - వాస్తవాలు

అపోహ: ఇప్పుడే అయిపోయిన పనికే ప్రెజెంట్ పర్ఫెక్ట్ (ఇంగ్లీషులో హ్యావ్, హ్యాజ్‌లతో వచ్చే క్రియారూపం) వాడాలి.

వాస్తవం: పని ఎంత పాతదైనా పర్వాలేదు. ఎప్పుడు జరిగిందో చెప్పకూడదు, అంతే. చంద్రయాన్-3 దిగి ఏళ్ళు గడిచినా ‘ఇండియా హ్యాజ్ లాండెడ్ ఆన్ ద మూన్’ అని ఈ రోజూ అనొచ్చు. చివర ‘ఇన్ 2023’ చేర్చారంటే మాత్రం ‘హ్యాజ్’ తీసేయాల్సిందే: ‘ఇండియా లాండెడ్ ఆన్ ద మూన్ ఇన్ 2023’. యెస్టర్‌డే, లాస్ట్ వీక్, టూ డేస్ ఎగో వచ్చినా ఇదే లెక్క. ‘దిస్ మార్నింగ్’ని గడియారం చూసి వాడాలి. పొద్దున పదింటికి దాని పక్కన ‘హ్యావ్’ నప్పుతుంది, సాయంత్రానికి నప్పదు.

అపోహ: ‘హ్యాజ్ గాన్’ అన్నా ‘హ్యాజ్ బీన్’ అన్నా ఒకటే.

వాస్తవం: ఎక్కువమంది తడబడేది ఇక్కడే. విచిత్రమేమిటంటే, ఈ తేడా మన తెలుగులో ముందే ఉంది. ఇంటికి ఫోనొస్తుంది. ‘నాన్నగారున్నారా?’ ‘లేరండీ, తిరుపతి వెళ్ళారు.’ మనిషి ఇంకా తిరిగి రాలేదు, కాబట్టి ‘హీ హ్యాజ్ గాన్ టు తిరుపతి’. అదే ‘నాన్నగారు రెండుసార్లు తిరుపతి వెళ్ళొచ్చారు’ అయితే ‘హీ హ్యాజ్ బీన్ టు తిరుపతి ట్వైస్’. తెలుగులో ‘వెళ్ళొచ్చారు’ అని పెట్టి చూడండి. అర్థం కుదిరితే ‘బీన్’.

అందుకే ఇంటర్వ్యూలో ఎదురుగా కూర్చుని ‘ఐ హ్యావ్ గాన్ టు బెంగళూరు’ అంటే వినేవాళ్ళకు పొసగదు. బెంగళూరులో ఉన్న మనిషి ఇక్కడెలా ఉంటాడు? (‘ట్వైస్’ లాంటి లెక్క పక్కనుంటే అమెరికాలో ‘గాన్’ కూడా వినిపిస్తుంది.) ‘బీన్ టు’ అంటే చూసి రావడం. ‘ఐ హ్యావ్ బీన్ ఇన్ వైజాగ్ ఫర్ త్రీ డేస్’ అంటే మూడు రోజులుగా అక్కడే ఉన్నాననే. ‘అబ్రాడ్’ ముందు ఏ ‘టు’ అక్కర్లేదు. ‘హ్యావ్ వెంట్’ అసలు లేదు. గో, వెంట్, గాన్‌లలో హ్యావ్ పక్కన కూర్చునేది మూడోదే.

అపోహ: ‘ఐదేళ్ళ నుంచి పనిచేస్తున్నా’ను ‘ఐ యామ్ వర్కింగ్ సిన్స్ ఫైవ్ ఇయర్స్’ అనాలి.

వాస్తవం: ఈ వాక్యంలో తప్పులు రెండు. మన ‘నుంచి’ మొదలైన రోజుకీ, గడిచిన కాలానికీ ఒక్కటే సరిపోతుంది. ఇంగ్లీషులో మొదలైన రోజుకు సిన్స్, గడిచిన కాలానికి ఫర్. పని అప్పట్నుంచి ఇప్పటిదాకా సాగింది కాబట్టి ‘యామ్’ చాలదు. ‘ఐ హ్యావ్ బీన్ వర్కింగ్ హియర్ ఫర్ ఫైవ్ ఇయర్స్’ అనండి, లేదా మొదలైన ఏడాది చెప్పి ‘సిన్స్ 2019’ లాగా అనండి.

అపోహ: జస్ట్, ఆల్రెడీ ఉంటే హ్యావ్ లేకుండా రాయడం తప్పు.

వాస్తవం: బ్రిటిష్ వాళ్ళు హ్యావ్‌తోనే అంటారు. అమెరికాలో ‘ఐ జస్ట్ ఏట్’ మామూలు మాట. మన పాఠ్యపుస్తకాలది బ్రిటిష్ పద్ధతి, పరీక్షలో హ్యావ్ రాయండి.