పవర్ చీటీలో కనిపించని కంటి పొడవు

పిల్ల నెల్లూరు హాస్టల్లో చేరినప్పుడు కళ్లద్దాల పవర్ మైనస్ ఒకటిన్నర, పదో తరగతికొచ్చేసరికి మైనస్ మూడు. "పిల్లకు సైట్ పెరిగింది" అనుకుని అద్దాలు మార్పించి ఊరుకుంటాం. నిజానికి పెరిగింది కంటి పొడవు. పెద్దవాళ్ల కంటిగుడ్డు ముందు నుంచి వెనక్కి సుమారు 23, 24 మిల్లీమీటర్లు. ఒక్క మిల్లీమీటరు అదనంగా సాగితే దాదాపు రెండున్నర డయాప్టర్ల (అద్దం పవర్ కొలిచే అంకె) మైనస్ వచ్చిపడుతుంది. సాగేకొద్దీ రెటీనా, అంటే కంటి వెనక బొమ్మ పడే పొర, పల్చబడుతుంది, ముందుముందు అది చిరిగే, ఊడే ముప్పూ పెరుగుతుంది.

మామూలు అద్దం బోర్డు కనిపించేలా చేస్తుందే తప్ప ఈ సాగుడును ఆపదు. దాని గుండా నడిమి వెలుగు రెటీనా మీదే పడుతుంది, అంచుల్లో మాత్రం రెటీనా వెనక్కి పోతుంది. ఎదిగే కన్ను దాన్ని అందుకోబోయి సాగుతుందని అంచనా. కోడిపిల్లల కళ్లకు మైనస్ అద్దాలు పెడితే కన్ను పొడవైంది, ప్లస్ పెడితే ఎదుగుదల తగ్గింది.

ఈ సాగుడును నెమ్మదింపజేసే ప్రత్యేక కాంటాక్ట్ లెన్సులు (కంట్లో పెట్టుకునేవి) పనిచేసేది ఈ సూత్రం మీదే. మెత్తటి లెన్సులో నడుమ పిల్లలకు కావాల్సిన మైనస్ పవర్, చుట్టూ వలయాల్లో అదనపు ప్లస్ ఉంటాయి. చూపు చెదరకుండానే కొంత వెలుగు రెటీనా ముందు పడుతుంది. ఈ రకంలో మైసైట్ అనే రోజువారీ లెన్సుకు 2019లో అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ అనుమతిచ్చింది, 8 నుంచి 12 ఏళ్ల మధ్య మొదలుపెట్టే పిల్లలకు. మూడేళ్ల పరీక్షలో పవర్ పెరుగుదల సగటున 59 శాతం తగ్గింది. సగటు అంటే అందరికీ అంతే అని కాదు, ఉన్న మైనస్ వెనక్కీ పోదు. ఆర్థో-కె అనే గట్టి లెన్సుది వేరే దారి. రాత్రి పెట్టుకుని పడుకుంటే కార్నియా (కంటి ముందున్న పారదర్శక పొర) నడిమి భాగాన్ని చదును చేస్తుంది, పొద్దున తీసేస్తారు.

మెత్తటి లెన్సు రోజుకు పది గంటలు, వారానికి ఆరు రోజులైనా కంట్లో ఉండాలి. అంటే ఏడాదికి 312 జతలు, ఖర్చు ముందే లెక్కేసుకోండి.

చెడేది ఎక్కువగా చేతుల దగ్గరే. ఆవకాయ కలిపిన చేత్తో లెన్సు తీస్తే ఏమవుతుందో చెప్పక్కర్లేదు. సబ్బుతో కడిగి, నూగు రాలని గుడ్డతో పొడిగా తుడవాలి. వేలి కొన మీద లెన్సు గిన్నెలా నిలబడాలి, అంచులు పళ్లెంలా విచ్చుకుంటే తిరగబడినట్టే. తీసేటప్పుడు పైకి చూస్తూ తెల్లగుడ్డు మీదికి జరిపి, రెండు వేళ్ల మెత్తటి కొనలతో పట్టి తీయాలి.

నీళ్లు తగలనేకూడదు. బోరు నీళ్లైనా, ఒంగోలులో కొనే క్యాను నీళ్లైనా సరే, వాటిలో అకాంతమీబా అనే సూక్ష్మజీవి ఉండొచ్చు, అది కార్నియాను తినేస్తుంది. ఆర్థో-కె లెన్సులకూ లెన్సులు కడిగే సొల్యూషనే వాడాలి. మైపాడు సముద్రంలో దిగేముందు లెన్సులు తీసేయాలి.

కన్ను ఎర్రబడి, నొప్పి పెట్టి, వెలుగు చూడలేకపోతే లెన్సు తీసి ఆరోజే డాక్టర్ దగ్గరికి వెళ్లాలి. మందుల షాపులో అడిగి తెచ్చే స్టెరాయిడ్ చుక్కలు అసలు వేయకూడదు. అవి ఎరుపు తగ్గించి, లోపలి ఇన్ఫెక్షన్ ముదరనిస్తాయి.

ఆరు నెలలకోసారి డాక్టర్ చుక్కలు వేసి చూసే పవర్‌తో పాటు కంటి పొడవూ కొలిపించి, ఆ అంకె చీటీ మీద రాయించుకోండి. పన్నెండేళ్లకే ఆపేస్తామంటే కుదరదు, టీనేజీ అంతా కన్ను సాగుతూనే ఉండొచ్చు.