గొట్టంలో మిగిలే ఉప్పుకి మందు నీళ్లే

పాత తూటాలు కాల్చాక తుపాకీ గొట్టంలో ముందు పోయాల్సింది వేడినీళ్లు. నూనె సంగతి ఆ తర్వాతే. ఇనుములో నీళ్లేంటండీ, తుప్పు పట్టిపోదా అని ఎవరైనా అడుగుతారు, అడగాలి కూడా. ఎందుకంటే చాలామంది జాగ్రత్త పేరుతో చేసేది సరిగ్గా దీనికి ఉల్టా: దిట్టంగా నూనె రాసి బీరువాలో పెట్టేస్తారు, కొన్నాళ్లకి తీసి చూస్తే లోపలంతా గుంటలు.

అసలు కారణం మందుగుండులో లేదు, ప్రైమర్‌లో ఉంది. ట్రిగ్గర్ నొక్కగానే ఫైరింగ్ పిన్ వెళ్లి తూటా అడుగున ఉన్న చిన్న లోహపు మూతని కొడుతుందే, అదే ప్రైమర్. ఒకప్పటి త్రీ నాట్ త్రీ తూటాల్లోనూ, సోవియట్ కాలంలో సైన్యం కోసం చేసిన చాలా తూటాల్లోనూ ఇందులో పొటాషియం క్లోరేట్ ఉండేది. అగ్గిపుల్ల తలలో ఉండేది కూడా ఇదే. మండేటప్పుడు తనలో ఉన్న ఆక్సిజన్‌ని వదిలేస్తుంది, వదిలేశాక మిగిలేది పొటాషియం క్లోరైడ్. అంటే ఉప్పు. సోడియం తక్కువ ఉప్పు అని షాపుల్లో అమ్మే ప్యాకెట్లలో కలిపేది ఇదే ఉప్పు. తూటా పేలిన ప్రతిసారీ ఇది సన్నని పొడిలా గొట్టం గోడల మీద, లోపల మెలితిరిగి ఉండే రైఫ్లింగ్ గాళ్లలో, తూటాని వెనక నుంచి మూసి పట్టే బోల్ట్ ముఖం మీద పేరుకుంటుంది.

పొడిగా ఉన్నంతసేపూ దీనివల్ల పెద్ద నష్టం లేదు. కానీ 25 డిగ్రీల వేడిలో గాలి తేమ 84 శాతం దాటిందంటే, ఈ ఉప్పు గాలిలోంచే నీళ్లు లాక్కుని తనంతట తానే కరిగిపోతుంది. విజయవాడలో వానాకాలం తెల్లవారుజామున కృష్ణ ఒడ్డున నిలబడితే ఆ తేమ ఎంతో చర్మానికే తెలుస్తుంది, ఇక్కడ ఆ హద్దు దాటడం పెద్ద విశేషమేమీ కాదు. ఉప్పునీటిలో ఉండే క్లోరైడ్ అయాన్లు ఇనుము మీదున్న పలుచని రక్షణ పొరని చీలుస్తాయి, తుప్పు పట్టడమనే విద్యుత్ రసాయన చర్యని వేగంగా నడిపిస్తాయి, పైగా ఆ పనిలో అవి పెద్దగా ఖర్చయిపోవు. అందుకే ఉప్పు అక్కడున్నంతకాలం తుప్పు సాగుతూనే ఉంటుంది.

మరి నూనె ఎందుకు ఆపలేదు? ఓ చెంచా కొబ్బరినూనెలో చిటికెడు ఉప్పు వేసి ఎంతసేపైనా కలిపి చూడండి, రవ్వ రవ్వగా అడుగునే ఉంటుంది. కిరోసిన్ అయినా పెట్రోల్ అయినా అంతే. నూనె ఉప్పుని కప్పుతుంది తప్ప తీసేయదు, తేమేమో నూనె పొరలోంచి కూడా మెల్లగా లోపలికి చేరుతుంది.

నాకు బాగా నచ్చిన విషయం ఏంటంటే, ఇది తెలుసుకోవడానికి తుపాకుల ప్రపంచానికి చాలా కాలం పట్టింది. తూటాల్లో నల్ల మందు, అంటే బ్లాక్ పౌడర్, వాడిన రోజుల్లో మసి విపరీతంగా పట్టేది కాబట్టి ఎలాగూ నీళ్లతో కడిగేవాళ్లు, ఉప్పు కూడా దాంతోపాటే పోయేది. పొగరాని మందు వచ్చాక మసి తగ్గింది, కడగడం మానేశారు, తుప్పు మొదలైంది. కొత్త మందు వదిలే ఆమ్లాలే కారణమని చాలామంది నమ్మారు. 1922లో అమెరికా బ్యూరో ఆఫ్ మైన్స్‌లో విల్బర్ట్ హఫ్ అసలు కారణం ప్రైమర్ ఉప్పేనని తేల్చాడు. ఆ దశకం ముగిసేలోపే క్లోరేట్ లేని ప్రైమర్లు మార్కెట్లోకి వచ్చేశాయి.

అమ్మోనియా పోస్తే ఉప్పు విరిగిపోతుందని ఇప్పటికీ చెప్పేవాళ్లున్నారు. ఉప్పు ఆమ్లం కాదు, విరగ్గొట్టడానికి అందులో ఏమీ లేదు. అమ్మోనియా ద్రావణంలో పని చేసేది నీళ్లే. అమ్మోనియా కరిగించేది గొట్టానికి అంటిన రాగిని.

కాబట్టి తూటా లేదని, అది కూర్చునే గది అయిన ఛాంబర్‌ని కళ్లతో చూసి రూఢి చేసుకున్నాక, బోల్ట్ తీసేసి, గరాటు పెట్టి ఛాంబర్ వైపు నుంచి మరిగే నీళ్లు పోయాలి, అదీ కాల్చిన రోజే. బ్రిటిష్ సైన్యం తన త్రీ నాట్ త్రీ రైఫిళ్లైన లీ ఎన్‌ఫీల్డ్‌లకి చేసింది ఇదే. వేడినీళ్లే ఎందుకంటే ఉప్పు ఎక్కువ కరుగుతుంది, గొట్టం వేడెక్కి తడి కూడా త్వరగా ఆరిపోతుంది. చెక్క బట్ మీద పడకుండా చూసుకోండి. తర్వాత పుల్ త్రూకి, అంటే గొట్టంలోంచి లాగే తాడుకి, చిందీ అనే గుడ్డముక్క కట్టి, పొడిగా బయటికొచ్చేదాకా లాగి, అప్పుడు పలుచగా నూనె. బోల్ట్ ముఖాన్నీ, గ్యాస్‌తో నడిచే తుపాకీ అయితే పిస్టన్‌నీ, గ్యాస్ ట్యూబ్‌నీ కూడా కడగాలి. గొట్టం లోపల క్రోమ్ పూత ఉన్న తుపాకుల్లో కూడా ఈ భాగాలు తుప్పు పట్టడం చూస్తాం.

గుంటూరు ఎన్‌సిసి క్యాడెట్లకి 4 అంగుళాలు బై 2 అంగుళాల చిందీ గురించి నేను చెప్పక్కర్లేదు. వాళ్లు కాల్చే ఇప్పటి పాయింట్ టూ టూ తూటాలకి ఈ వేడినీళ్ల అవసరమూ లేదు. కాకపోతే క్లోరేట్ స్థానంలోకి వచ్చింది ఎక్కువగా లెడ్ స్టిఫ్నేట్, అంటే సీసం ఉన్న రసాయనం. ఇనుముకి హాని చేయదు గానీ కాల్చేవాళ్ల చేతులకి అంటుతుంది, పొగతో ఊపిరితిత్తుల్లోకీ వెళ్తుంది. అందుకే రేంజ్ నుంచి రాగానే, టిఫిన్ పొట్లం విప్పకముందే, సబ్బుతో చేతులు, ముఖం కడుక్కోవాలి.