వెలుగా, వేడా? లోహ నానో కణాల వాదం వెనుక కథ

అర్ధవాహకం (సెమీకండక్టర్) మీద అతి సూక్ష్మమైన లోహ రేణువులు, అంటే నానో కణాలు అద్ది, కాంతితో రసాయన చర్యలు నడపవచ్చు. మరి ఆ చర్యను నడిపేది కాంతి లేపిన ఎలక్ట్రాన్లా, కాంతి పడి పుట్టిన వేడా? ఈ వాదం మూలాలు 1972లో ఉన్నాయి.

ఆ ఏడాది జపాన్‌కు చెందిన అకిరా ఫుజిషిమా, కెనిచి హోండా 'నేచర్' పత్రికలో ఒక ఫలితం ప్రకటించారు. టైటానియం డయాక్సైడ్ ఎలక్ట్రోడ్ మీద కాంతి పడేలా చేసి నీటిని హైడ్రోజన్, ఆక్సిజన్‌లుగా విడగొట్టామన్నారు. మరుసటి ఏడాదే చమురు సంక్షోభం రావడంతో ప్రపంచం కళ్లన్నీ దానిమీద పడ్డాయి. కానీ ఒక పెద్ద చిక్కుంది. టైటానియం డయాక్సైడ్ అంటే తెల్ల పెయింట్లలో వాడే పదార్థమే. అది తెల్లగా ఉందంటేనే కంటికి కనిపించే కాంతిని పీల్చుకోవడం లేదని అర్థం. దాన్ని కదిలించగలిగేది సుమారు 390 నానోమీటర్ల లోపు అతినీలలోహిత కాంతే. ఎండలో దాని వాటా ఐదు శాతానికి మించదు.

లోహం మొదట వచ్చింది ఈ లోటు తీర్చడానికి కాదు. కాంతి పడ్డప్పుడు టైటానియం డయాక్సైడ్ లాంటి అర్ధవాహకంలో ఎలక్ట్రాన్ ఎక్కువ శక్తి స్థాయికి లేస్తుంది, దాని చోట ఖాళీ మిగులుతుంది. రెండూ మళ్లీ కలిసిపోతే శ్రమంతా వృథా. పక్కనే ప్లాటినం రేణువు ఉంటే ఎలక్ట్రాన్‌ను లాగేసుకుంటుంది, హైడ్రోజన్ కూడా దానిమీదే తయారవుతుంది. అంటే అప్పట్లో ఎలక్ట్రాన్ దారి అర్ధవాహకం నుంచి లోహంలోకి.

ఇంకోపక్క, బంగారం రంగు మారే సంగతి అప్పటికే పాతది. బంగారాన్ని అతి సన్నని రేణువులుగా చేస్తే నీళ్లు ఎర్రగా కనిపిస్తాయని మైకేల్ ఫారడే 1857లోనే వివరంగా రాశాడు. కారణాన్ని 1908లో జర్మన్ భౌతిక శాస్త్రవేత్త గుస్టాఫ్ మీ (Mie) లెక్కగట్టి చూపాడు. ఇప్పుడు మనం చెప్పుకునేదేమిటంటే, రేణువులోని ఎలక్ట్రాన్లన్నీ కాంతి తరంగంతో పాటు ఒక్కటిగా ఊగుతాయి. దీన్నే ప్లాస్మాన్ అంటారు. చిన్న బంగారు గోళాల్లో ఇది 520 నానోమీటర్ల దగ్గర, అంటే ఆకుపచ్చ కాంతిలో, బలంగా జరుగుతుంది.

ఈ రెండు దారులూ 2004–05లో టోక్యోలో కలిశాయి. యాంగ్ తియాన్, తెత్సు తత్సుమా టైటానియం డయాక్సైడ్ పొర మీద బంగారు నానో కణాలు పెట్టి దృశ్య కాంతి వేస్తే కరెంటు పారింది. ఏ తరంగదైర్ఘ్యం దగ్గర ఎంత కరెంటు వచ్చిందో గీసి చూస్తే, ఆ గీత బంగారం కాంతిని పీల్చుకునే గీతతో సరిపోయింది. కాంతిని పట్టింది బంగారమే, ఎలక్ట్రాన్ వెళ్లింది లోహం నుంచి అర్ధవాహకంలోకి. పాత దారి తలకిందులైంది. ఈ కథ మొత్తంలో అసలైన మలుపు ఇదేనని నా అభిప్రాయం. రెండింటి మధ్య షాట్కీ అడ్డుగోడ అనే శక్తి మెట్టు ఉంటుంది. ప్లాస్మాన్ ఊపులోని శక్తిని అందుకున్న ఎలక్ట్రాన్లను 'వేడి ఎలక్ట్రాన్లు' అంటారు. ఆ మెట్టు దాటగల వేడి ఎలక్ట్రాన్లే అవతలికి పోతాయి, పోయినవి తేలిగ్గా వెనక్కి రాలేవు. ఈ దూకడం 240 ఫెమ్టోసెకన్ల (ఫెమ్టోసెకను అంటే సెకనులో వెయ్యి లక్షల కోట్లలో... ఒక వంతు కాలం) లోపే జరిగిపోతుందని 2007లో మరో జపాన్ బృందం కొలిచింది.

ఆ తర్వాత అర్ధవాహకం లేకుండా, లోహం మీదే చర్యలు నడిచాయన్న ప్రకటనలు వరసకట్టాయి. 2011లో అమెరికాలోని మిచిగన్ విశ్వవిద్యాలయానికి చెందిన సుల్జో లినిక్ బృందం ఘనాకారపు వెండి నానో కణాల మీద ఇథిలీన్ ఆక్సీకరణను (ఇథిలీన్ వాయువు ఆక్సిజన్‌తో కలిసే చర్యను) కాంతితో వేగవంతం చేసి చూపింది. పేచీ మొదలైంది ఈ తరహా పనులతోనే. పక్కనున్న అణువుల్లోకి దూకలేకపోయిన ఎలక్ట్రాన్లు పికోసెకన్లలో (వెయ్యి ఫెమ్టోసెకన్లు ఒక పికోసెకను) తమ శక్తిని లోహానికే ఇచ్చేస్తాయి, లోహం వేడెక్కుతుంది. ఉష్ణోగ్రత కొద్దిగా పెరిగినా చర్య వేగం బాగా పెరుగుతుంది కాబట్టి కొలతలో చిన్న పొరపాటు కూడా నిర్ణయాన్నే మార్చేస్తుంది. 2018లో అమెరికాలోని రైస్ విశ్వవిద్యాలయానికి చెందిన నవోమి హాలస్ బృందం అమ్మోనియా విచ్ఛిత్తిలో ఎలక్ట్రాన్ల వాటా ఎంతో, వేడి వాటా ఎంతో వేరుచేశామని 'సైన్స్'లో రాసింది. ఉష్ణోగ్రత కొలిచిన తీరే సరిగా లేదని ఇజ్రాయెల్‌లోని బెన్ గురియన్ విశ్వవిద్యాలయానికి చెందిన యోనతన్ సివన్ బృందం 2019లో అదే పత్రికలో అభ్యంతరం చెప్పింది. హాలస్ బృందమూ అక్కడే జవాబిచ్చింది.

ఈ పేచీ వల్ల మేలే జరిగింది. ఇప్పుడు ఇలాంటి ఫలితం చెప్పాలంటే చీకట్లో అదే ఉష్ణోగ్రత దగ్గర చర్య ఎంత వేగంగా నడిచిందో చూపమని అడుగుతున్నారు. పీల్చుకున్న శక్తిని మార్చకుండా కాంతి రంగు మాత్రం మార్చి చూడమంటున్నారు. అర్ధవాహకం ఉన్న ఏర్పాట్లలో కరెంటు ఎటు పారుతోందో నేరుగా చూడవచ్చు కాబట్టి అక్కడ ఎలక్ట్రాన్ వాదనకు బలం ఎక్కువ. దక్షత మాత్రం ఇంకా తక్కువే. పుట్టిన వేడి ఎలక్ట్రాన్లలో ఎక్కువ భాగం అంచుకు చేరకముందే చల్లబడిపోతున్నాయి.