ఊటీ ఈ-పాస్ వెనుక కథ

హైదరాబాద్ నుంచో విజయవాడ నుంచో వేసవిలో కారు వేసుకుని ఊటీ వెళ్లేవాళ్లు ఇప్పుడు హోటల్ గది కంటే ముందు ఈ-పాస్ చూసుకోవాలి. ఫోన్ నంబరు, బండి నంబరు, ఎంతమంది వస్తున్నారు, ఏ రోజు వచ్చి ఏ రోజు వెళ్తారు, ఎక్కడ దిగుతారు అన్నవి నింపితే క్యూఆర్ కోడ్ వస్తుంది. మైసూరు, బందిపూర్ దాటాక తమిళనాడు సరిహద్దులోని కక్కనల్ల చెక్‌పోస్టులో దాన్ని చూపించాలి. బందిపూర్ అడవి దారిని రాత్రి 9 నుంచి ఉదయం 6 దాకా మూసేస్తారు కాబట్టి, రాత్రి 9 దాటాక చేరితే పాస్ ఉన్నా అక్కడే ఆగిపోతారు.

2024 ఏప్రిల్ 29న మద్రాసు హైకోర్టు ఈ పాస్‌ను తప్పనిసరి చేసింది. మే 7 నుంచి ఊటీ ఉన్న నీలగిరి జిల్లాలోనూ కొడైకెనాల్‌లోనూ అమలైంది. రోజుకు 11,509 కార్లు, 1,341 వ్యాన్లు, 637 బస్సులు, 6,524 ద్విచక్రవాహనాలు నీలగిరి కొండ ఎక్కుతున్నాయని కోర్టు ముందుకొచ్చిన లెక్క చెప్పింది. మొత్తం 20 వేల పైచిలుకు. ఆ కొండ మోయగలిగింది ఎంత అన్న ప్రశ్నకు మాత్రం ఎవరి దగ్గరా జవాబు లేదు. దాన్ని తేల్చే అధ్యయనాన్ని ఐఐటీ మద్రాసు, ఐఐఎం బెంగళూరులకు అప్పగించారు. పర్యాటకం మొదలై రెండు వందల ఏళ్లయ్యాక ఈ లెక్క మొదలైంది. ఇంత ఆలస్యం ఎందుకైందో తెలియాలంటే వెనక్కి వెళ్లాలి.

1819లో కోయంబత్తూరు కలెక్టర్ జాన్ సల్లివాన్ ఈ కొండలెక్కాడు. అప్పటికి అక్కడ తోడ, కోట, బడగ, కురుంబ, ఇరుళ తెగలవాళ్లు బతుకుతున్నారు. తర్వాతి పదేళ్లలోనే రాతి బంగళా వచ్చింది, వాగుకు అడ్డుకట్ట కట్టగా ఊటీ చెరువు వచ్చింది. చల్లదనం కోసం వచ్చిన తెల్లదొరలకు వంటచెరకు కావాల్సి వచ్చింది. అందుకని ఆస్ట్రేలియా నుంచి యూకలిప్టస్, వాటిల్ మొక్కలు తెచ్చి నాటారు. మనం ‘నీలగిరి చెట్టు’ అని పిలుచుకునే జామాయిల్ జాతి నీలగిరిది కానే కాదు. పేరు మాత్రం మన భాషలో అలా నిలబడిపోయింది.

ఆ మొక్కలు నాటింది ఖాళీ నేలలో కాదు, గడ్డిమైదానాల్లో. లోయల్లో షోలా అని పిలిచే పొట్టి చెట్ల దట్టమైన అడవి, మిట్టల మీది గడ్డి కలిసి వాననీటిని పీల్చుకుని నెలల తరబడి మెల్లగా వదులుతాయి. ఊటీ తాగేది పార్సన్స్ వ్యాలీ లాంటి జలాశయాల నీళ్లు, ఆ జలాశయాలను నింపేది ఈ గడ్డి. గడ్డి పోయి ఆ చెట్ల తోటలు లేచిన చోట ఊటలు సన్నబడ్డాయి. సరిగ్గా ఏప్రిల్, మే నెలల్లో, నీళ్లు తగ్గే వేళకే జనం దిగుతారు. వాడిన నీళ్లలో కొంత కోడప్పమండ్ కాల్వలోంచి మురుగుగా ఊటీ చెరువులోకే చేరుతుంది. పడవ షికారు కూడా ఆ చెరువులోనే.

1908లో రైలు ఊటీ చేరింది. కొండ కింది మేట్టుపాళయం నుంచి 46 కిలోమీటర్ల దారిలో 208 వంపులు, 16 సొరంగాలున్నాయి. వాలు బాగా ఎక్కువైన చోట ఇంజను పళ్లచక్రం పట్టాల మధ్యనున్న పళ్లకమ్మీని పట్టుకుని రైలును పైకి నెడుతుంది. రైల్లో ఎన్ని సీట్లుంటే అంతమందే ఎక్కుతారు. సొంత కారుకు అలాంటి హద్దు లేదు. కార్లు పెరిగేకొద్దీ కాటేజీలు పెరిగాయి, కాటేజీల కోసం వాలు తెగింది.

వాలును నిలువుగా కోసి కట్టే అడ్డుగోడకు నీరు కారే రంధ్రాలు వదలకపోతే, ఈశాన్య రుతుపవనాల వాన గోడ వెనక మట్టిలో నిలుస్తుంది. ఆ బరువుకు మట్టి, గోడ కలిసి జారతాయి. 1978, 1993, 2009 నవంబర్ నెలల్లో ఈ కొండల్లో కొండచరియలు ప్రాణాలు తీశాయి. 2019 ఆగస్టులో అవలాంచిలో ఒక్కరోజులో 80 సెంటీమీటర్లకు పైగా వాన పడింది. కొండ ఊళ్లకు ప్రత్యేక భవన నిబంధనలు 1993లోనే వచ్చాయి. నిబంధన కాగితం మీద ఉన్నా కట్టడం ఆగలేదన్నదే అసలు బాధ.

కొండ కింది సీగూరు పీఠభూమిదీ ఇదే కథ. అక్కడి ఏనుగుల దారిని తమిళనాడు ప్రభుత్వం 2010లో నోటిఫై చేసింది. ఆ దారిలో ఉన్న రిసార్టులు కోర్టుకెక్కాయి. 2020 అక్టోబర్‌లో సుప్రీంకోర్టు ఆ నోటిఫికేషన్‌ను సమర్థించేసరికి పదేళ్లు గడిచాయి.

అన్నీ విఫలమే అనుకోనక్కర్లేదు. ప్లాస్టిక్ సంచుల మీద ఈ జిల్లా పోరాటం 2000 ప్రాంతంలో, సుప్రియా సాహు కలెక్టరుగా ఉన్నప్పుడు మొదలైంది. తర్వాత చిన్న నీళ్ల సీసాలనూ నిషేధించి, బదులుగా రోడ్ల పక్కన వాటర్ ఏటీఎంలు పెట్టారు. నిషేధించి ఊరుకుంటే దాహమేసినవాడు దొంగచాటుగానైనా సీసా కొంటాడు. ఏటీఎం పనిచేయకపోతే నిషేధమూ పనిచేయదు.

నన్నడిగితే అన్నిటికంటే తెలివైన ఏర్పాటు మద్యం సీసాలది. తాగినవాళ్లు అడవిలోకి విసిరే సీసా రాయికి తగిలి పగులుతుంది. ఏనుగు అరికాలు చూడటానికి మొద్దుగా ఉన్నా అడుగున మెత్తటి దిండులాంటిది. గాజుపెంకు దిగితే పుండు పడి చీము పడుతుంది, అంత బరువు ఆ కాలి మీద మోయలేక జంతువు కుంగిపోతుంది. హైకోర్టు చొరవతో 2022 మేలో నీలగిరిలోని ప్రభుత్వ మద్యం దుకాణాలు సీసాకు 10 రూపాయలు అదనంగా తీసుకోవడం మొదలుపెట్టాయి. ఖాళీ సీసా తిరిగిస్తే ఆ పది వెనక్కి ఇస్తారు. విసిరేసినవాడు వదులుకున్న పదిని ఏరుకొచ్చినవాడు సంపాదించుకుంటాడు. కాపలావాళ్లు చేయలేని పని ఆ పది రూపాయలు చేశాయి.

ఈ-పాస్ దగ్గరికి వస్తే, మొదటి ఏడాది అది లెక్కపెట్టడానికే. అడిగినవాళ్లందరికీ ఇచ్చారు. 2025 మార్చిలో కోర్టు పరిమితి పెట్టింది: ఏప్రిల్ 1 నుంచి జూన్ దాకా నీలగిరికి మామూలు రోజుల్లో 6,000, వారాంతాల్లో 8,000 వాహనాలు, కొడైకెనాల్‌కు 4,000, 6,000. స్థానికుల వాహనాలకూ ప్రభుత్వ బస్సులకూ మినహాయింపు ఉంది. బతుకుదెరువు పోతుందని ఊటీ వ్యాపారులు దుకాణాలు మూసి నిరసన తెలిపారు. వాళ్ల భయం నిజమైనదే. ఏప్రిల్, మే రెండు నెలల సంపాదన మీద ఏడాదంతా గడిపే ఇళ్లు అక్కడ చాలా ఉన్నాయి.

అమల్లో మొదట తేలిన లోపం చెక్‌పోస్టు దగ్గరే. పాస్ లేకుండా వచ్చినవాళ్లు మేట్టుపాళయం దారిలోని కల్లార్‌లో బండి ఆపి, ఫోన్ తీసి, అక్కడికక్కడ నమోదు మొదలుపెడితే వెనకాల బండ్లు ఇంజన్లు ఆపకుండా బారులు తీరతాయి. పొగ తగ్గించడానికి పెట్టిన చోటే పొగ పేరుకుంటుంది. ఇంట్లోనే పాస్ తీసుకుని బయల్దేరితే ఈ సగం చిక్కు ఉండదు.

రెండో లోపం లెక్కలోనే ఉంది. పైన చెప్పిన అంకెలనే తీసుకుని బస్సుకు 40, వ్యాన్‌కు 12, కారుకు 4, బైకుకు 2 చొప్పున అంచనా వేస్తే, వాహనాల్లో మూడు శాతమే ఉన్న బస్సులు పావువంతు మందిని మోస్తున్నాయి. నీళ్లూ మురుగూ మనుషుల సంఖ్యను బట్టి, రోడ్డూ పొగా బండ్ల సంఖ్యను బట్టి పెరుగుతాయి. రెంటినీ ఒకే కోటాలో కలిపితే నలుగురొచ్చిన కారు, ఒక్కడొచ్చిన కారు ఒకటే అవుతాయి. మేట్టుపాళయంలో, మైసూరు దారిలోని గూడలూరులో కార్లు దించి బస్సులెక్కించే విశాలమైన పార్కింగ్ లేకుండా పరిమితిని బిగిస్తే భారమంతా హోటల్ కుర్రాడి మీద, టీ కొట్టు మీద పడుతుంది. కోటాను ఏ అంకె దగ్గర ఉంచాలన్న వాదనకు ముందు ఆ పార్కింగ్ స్థలాలు సిద్ధం కావాలి.