పల్లిపాడు నుంచి గ్వాటెమాలా దాకా: విదేశాల్లో శాంతి సేవ నేపథ్యం

నెల్లూరులోనో ఒంగోలులోనో ఎం.ఏ. లేదా ఎల్‌ఎల్‌.ఎం. చదువుతున్న అమ్మాయి, శాంతిస్థాపన, మానవ హక్కుల రంగంలో పనిచేయడానికి కొన్ని నెలలు విదేశానికి వెళతానంటే ఇంట్లో మొదట వినిపించే ప్రశ్న ‘జీతం లేని పనికి అంత దూరం ఎందుకమ్మా?’ అన్నదే. అది అడగవలసిన ప్రశ్నే. అయితే ఈ సేవ పాశ్చాత్య విశ్వవిద్యాలయాల్లో పుట్టి నిన్నమొన్న మనదాకా వచ్చిన అలవాటన్న భావన మాత్రం చరిత్రకు నిలవదు.

నెల్లూరు జిల్లా ఇందుకూరుపేట మండలం పల్లిపాడులో, పెన్నా ఒడ్డున, పినాకిని సత్యాగ్రహ ఆశ్రమాన్ని గాంధీజీ 1921 ఏప్రిల్ 7న ప్రారంభించారు. దిగుమర్తి హనుమంతరావు, చతుర్వేదుల కృష్ణయ్య పూనుకున్నారు, పొణకా కనకమ్మ స్థలమిచ్చారు. భవనానికి 10,000 రూపాయలు మాత్రం సముద్రం అవతలి నుంచి, దక్షిణాఫ్రికాలోని పార్శీ రుస్తుంజీ నుంచి వచ్చాయి. నాటాల్‌లో వర్తకుడైన ఆయన అక్కడి భారతీయుల హక్కుల కోసం గాంధీజీతో కలిసి పోరాడి జైలుకు వెళ్లినవారు. ఒక దేశంలోని హక్కుల ఉద్యమం మరో దేశంలోని పల్లెకు అండగా నిలవడం ఈ జిల్లా నూరేళ్ల కిందటే చూసింది.

ఐరోపాలో ఈ పని యుద్ధ శిథిలాల మధ్య మొదలైంది. మొదటి ప్రపంచ యుద్ధంలో నేలమట్టమైన వెర్డూన్ ప్రాంతంలో, స్విట్జర్లాండ్‌కు చెందిన పియేర్ సెరెసోల్ 1920లో నిన్నటి శత్రుదేశాల యువకులను చేర్చి ఇళ్లు కట్టించే పనికి దిగారు. 1934 బీహార్ భూకంపం తరువాత ఆయనే సహచరులతో ఇక్కడికి వచ్చి, కూలిన పల్లెల పునర్నిర్మాణంలో పాలుపంచుకున్నారు.

మన దేశం నుంచి బయటికి వెళ్లిన ఆలోచన శాంతిసేన, అంటే ఆయుధం లేకుండా ఘర్షణల మధ్య నిలబడి శాంతి నెలకొల్పే కార్యకర్తల దళం. గాంధీజీ తలపెట్టిన దానిని వినోబా భావే 1957లో రూపుకట్టించారు. 1962 నాటికి బీరూట్ సమీపంలో ఏర్పడిన ప్రపంచ శాంతి దళానికి జయప్రకాశ్ నారాయణ్ సహాధ్యక్షులయ్యారు. ఆ దళం ఎక్కువ కాలం నిలవలేదు కానీ, 1981లో కెనడాలో పుట్టిన పీస్ బ్రిగేడ్స్ ఇంటర్నేషనల్ ఆ అనుభవం మీదే నిలబడింది. శాంతిసేనలో పనిచేసిన నారాయణ్ దేశాయ్ దాని స్థాపకుల్లో ఒకరు.

మధ్య అమెరికాలోని గ్వాటెమాలాలో, మాయమైన తమవాళ్ల జాడ కోసం వెతుకుతున్న కుటుంబాల సంఘం నాయకులిద్దరిని 1985లో చంపేశారు. ఆ తరువాత పీస్ బ్రిగేడ్స్‌కు చెందిన విదేశీ స్వచ్ఛంద సేవకులు మిగిలిన నాయకుల వెంట రాత్రింబవళ్లు ఉండసాగారు. వారి చేతిలో ఆయుధం లేదు. ఒక విదేశీయుడి కళ్లెదుట హత్య జరిగితే రాయబార కార్యాలయాలు ప్రశ్నిస్తాయనీ, అందవలసిన సాయం ఆగిపోవచ్చుననీ పాలకులకు ఉన్న భయమే రక్షణ. శ్రీలంకలోనూ ఆ సంస్థ ఇదే పని చేసింది. ఈ పద్ధతి ప్రాణాలు కాపాడిందన్నది నిజమే, కానీ దాని బలం చాలావరకు సంపన్న దేశపు పాస్‌పోర్టుకున్న బరువు నుంచే వచ్చిందన్నది నన్ను ఇప్పటికీ బాధించే విషయం. ఆ బరువు లేని మన విద్యార్థులు సాక్ష్యాల నమోదు, చట్టపరమైన పరిశోధన, అనువాదం వంటి పనుల్లో ఎక్కువగా రాణించగలరని అనుకుంటాను.

ఐక్యరాజ్య సమితి 1970లో స్వచ్ఛంద సేవకుల కార్యక్రమాన్ని ఏర్పాటు చేసింది. 2015 డిసెంబర్ 9న భద్రతా మండలి 2250వ తీర్మానం ద్వారా 18 నుంచి 29 ఏళ్ల యువతకు శాంతి ప్రక్రియల్లో పాత్ర ఉండాలని ప్రకటించింది.

అయినా సమితి సచివాలయంలో ఇంటర్న్‌షిప్‌కు వేతనం లేదు, ప్రయాణం, వసతి ఖర్చులు విద్యార్థే పెట్టుకోవాలి. కందుకూరు వైపు పొగాకు రైతు బిడ్డకైనా, కోవూరు వైపు కౌలు రైతు బిడ్డకైనా సమితి కార్యాలయమున్న జెనీవాలో కొన్ని నెలల అద్దె కట్టడం అయ్యే పని కాదు. నాడు రుస్తుంజీ పల్లిపాడుకు పంపిన సొమ్ములాంటి ప్రయాణ నిధిని ఇక్కడి విశ్వవిద్యాలయాలూ దాతలూ కలిసి ఏర్పరిస్తే, ఇంట్లో అడిగిన ఆ ప్రశ్నకు విద్యార్థి ఒంటరిగా జవాబు చెప్పుకోనవసరం ఉండదు.