నెల తక్కువ బిడ్డ మెదడు: మా డెల్టాలో రోజూ వినే అపోహలు, వాస్తవాలు

కోనసీమలో పసిపిల్లల వైద్యురాలిగా పనిచేస్తూ పదహారేళ్లు దాటింది. నెలలు నిండకుండా పుట్టిన బిడ్డను చూడటానికి ఎవరొచ్చినా మొదట అడిగేది ఒకటే: "ఎంత బరువుందండీ?" డిశ్చార్జి రోజునా అదే ప్రశ్న, మూడు నెలలు పోయాక వచ్చినా అదే ప్రశ్న. రెండు కేజీలు దాటిందంటే ఇంటిల్లిపాదీ తేలిగ్గా ఊపిరి పీల్చుకుంటారు. ఆ సంతోషం నాకూ ఉంటుంది. కానీ తూకం చెప్పేది ఒంటి సంగతి. మెదడు ఎలా పెరుగుతోందో తూకానికి తెలియదు. ఆ రెండో సంగతి చెబుదామనే ఇది రాస్తున్నాను.

అపోహ: ఏడో నెలలో పుడితే బతుకుతారు, ఎనిమిదో నెలలో పుడితే బతకరు

కిందటి వేసవిలో లంక ఊరి నుంచి పంటు మీద గోదావరి దాటి వచ్చిన ఒక మామ్మగారు ఎన్‌ఐసీయూ (పసిపిల్లల ఇంటెన్సివ్ కేర్ వార్డు) గుమ్మంలో నా చెయ్యి పట్టుకున్నారు. "ఏడో నెలైనా బాగుండేదండీ డాక్టరమ్మ గారూ, ఎనిమిదో నెల వచ్చేసింది కదా" అని కొంగుతో కళ్లు ఒత్తుకున్నారు. మనవరాలు 33 వారాలకు పుట్టింది. 1,750 గ్రాములు. ఏ మిషనూ లేకుండా తనంతట తానే ఊపిరి తీసుకుంటోంది. ఆ రోజు మా వార్డులో అందరికంటే బాగున్న బిడ్డ తనే. మామ్మగారు మాత్రం ఆశ వదిలేసుకుని కూర్చున్నారు.

ఈ నమ్మకం మన ఒక్కళ్లదే కాదు. పాతకాలపు గ్రీకు వైద్య గ్రంథాల్లోనూ ఎనిమిదో నెల బిడ్డ బతకదనే రాశారు. ఎంత పాతదైనా తప్పు తప్పే. కడుపులో గడిచే ప్రతి వారమూ బిడ్డకు లాభమే. 24 వారాల మెదడు పైన దాదాపు నున్నగా ఉంటుంది, ముడతలన్నీ ఆ తర్వాత పడేవే. 34 వారాలకు మెదడు బరువు నెలలు నిండినప్పటి బరువులో సుమారు 65 శాతం మాత్రమే. మిగతాదంతా ఆఖరి ఐదారు వారాల్లో పెరగాలి.

నాకు భయం వేసేది నమ్మకం కంటే దాని తర్వాత జరిగే పని. "ఎలాగూ దక్కదు" అనుకున్న ఇంట్లో తల్లికి పాలు పిండి పంపమని చెప్పేవాళ్లుండరు. ముర్రుపాలు అందాల్సిన రోజులు అలాగే గడిచిపోతాయి.

అపోహ: తొమ్మిదో నెల పడితే నెలలు నిండినట్టే, మంచి ముహూర్తానికి ఆపరేషన్ చేయించుకోవచ్చు

తొమ్మిదో నెల పడటం వేరు, నిండటం వేరు. 37 వారాలు నిండకముందు పుడితే నెల తక్కువ బిడ్డే. 36 వారాల బిడ్డ చూడటానికి బొద్దుగా ఉంటుంది కానీ పాలు గట్టిగా చీకలేదు, రక్తంలో చక్కెర పడిపోతుంది, పచ్చకామెర్లు ఎక్కువగా వస్తాయి. కామెర్లు మితిమీరితే మెదడుకే ముప్పు. వైద్యపరమైన అవసరం ఉంటే ముందే తీయాల్సిందే, అందులో రెండో మాట లేదు. అవసరం లేనప్పుడు 39 వారాలు నిండనివ్వండి. తిథి, నక్షత్రం చూసుకోవద్దని నేను అనను. 39 వారాలు నిండాక వచ్చే రోజుల్లోనే ముహూర్తం చూడమని పంతులుగారికి చెప్పండి.

అపోహ: నెల తక్కువగా పుడితే మెదడు దెబ్బతిన్నట్టే

ఇది చెప్పడానికి నాకు మన కాలువలే గుర్తొస్తాయి. ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయింది. ఆనకట్ట లేచినంత మాత్రాన ప్రతి చేనుకీ నీళ్లు రావు. ప్రధాన కాలువలు, పిల్లకాలువలు, ఆఖరికి పంట బోదెలు, అన్నీ తవ్వాలి. 30 వారాల మెదడు ఆ పని మధ్యలో ఉన్న మెదడు. బోదెలు ఇంకా తవ్వుతున్నారు. బిడ్డ బయటికి వచ్చేసినా ఆ పని ఆగదు, మా వార్డులో సాగుతుంది, మీ ఇంట్లో సాగుతుంది.

శివారు భూముల కష్టం డెల్టాలో అందరికీ తెలిసిందే. పైన కాస్త నీళ్లు తగ్గినా ముందు ఎండేది శివారు చేను. మెదడు లోపల నీటి గదుల్లాంటివి ఉంటాయి. ఈ వయసులో వాటి చుట్టూ ఉండే తెల్లటి పదార్థం రక్తనాళాల చివర్లో ఉండే శివారు భూమి. బీపీ పడిపోయినా, ఇన్ఫెక్షన్ సోకినా మొదట దెబ్బ తినేది అదే. కాళ్లను ఆడించే నరాల తీగలు అక్కడి నుంచే వెళతాయి. అందుకే కొందరు పిల్లల్లో తర్వాత కాళ్లు బిగుసుకుపోతాయి.

ఆ గదుల పక్కనే సాలెపట్టు లాంటి సన్నని రక్తనాళాలుంటాయి. అవి చిట్లితే చాలావరకు మొదటి మూడు రోజుల్లోనే చిట్లుతాయి. అందుకే తలకు స్కాన్ తీస్తాం. దీనికి రేడియేషన్ లేదు. మాడు మీద కాస్త జెల్ రాసి, బొటనవేలంత ప్రోబు ఆనిస్తే చాలు, ఇంకా ఎముక కమ్మని ఆ మెత్తటి చోటే మాకు కిటికీ. బిడ్డ నుదురు ఒకసారి ముడిచి మళ్లీ నిద్రలోకి జారుకుంటుంది. రిపోర్టులో "బ్లీడింగ్, గ్రేడ్ వన్" అని చూసి కుప్పకూలిన తండ్రులను చూశాను. గ్రేడ్ 1, 2 రక్తస్రావాలున్న పిల్లల్లో ఎక్కువమంది బాగానే ఎదుగుతారు. 3, 4 అయితే దగ్గరగా చూసుకోవాలి. 28 వారాల లోపు పుట్టినవాళ్లలో కూడా సెరెబ్రల్ పాల్సీ (మెదడు దెబ్బతినడం వల్ల కాళ్లూ చేతుల కదలికలు సరిగా రాకపోవడం) వచ్చేది సుమారు పదిమందిలో ఒకరికి. 32 వారాలు దాటి పుడితే అది ఇంకా బాగా తక్కువ.

ఈ ముప్పు తగ్గించే మందులు కొన్ని కాన్పుకు ముందే తల్లికి ఇవ్వాలి. స్టెరాయిడ్ ఇంజెక్షన్ల మేలును న్యూజిలాండ్‌లో లిగ్గిన్స్, హోవీ 1972లోనే చూపించారు. ఊపిరితిత్తులకే కాదు, మెదడులో రక్తస్రావం తగ్గడానికీ అవి పనికొస్తాయి. 32 వారాల లోపు కాన్పు అయ్యేలా ఉంటే ఇచ్చే మెగ్నీషియం సల్ఫేట్ సెరెబ్రల్ పాల్సీని తగ్గిస్తుంది. కానీ ఈ మందులు పనిచేయడానికి కొన్ని గంటల వ్యవధి కావాలి. "దొంగనొప్పులేమోలే, తెల్లారాక చూద్దాం" అనుకుంటే పోయేది ఆ గంటలే. లంక గ్రామాల వాళ్లకు మరీ చెబుతున్నాను, రాత్రిపూట పంటు ఉండదు. నెలలు నిండకుండా నొప్పి వచ్చినా, ఉమ్మనీరు పోయినా అప్పటికప్పుడే ఏఎన్‌ఎంకో, ఆశా కార్యకర్తకో, 108కో ఫోన్ చేయండి.

అపోహ: బిడ్డకు బాక్సే భద్రం, తల్లి ముట్టుకుంటే ఇన్ఫెక్షన్

ఈ అపోహను పెంచినవాళ్లలో మేమూ ఉన్నాం. నేను శిక్షణలో ఉన్నప్పుడు తల్లిని అద్దం అవతలే నిలబెట్టేవాళ్లం. పాల గిన్నె అందుకుని తలుపు వేసేసేవాళ్లం. ఆ తల్లుల ముఖాలు తలుచుకుంటే ఇప్పటికీ బాధగా ఉంటుంది.

అనపర్తి వైపు కోళ్ల ఫారాలవాళ్లకు గుడ్లు పొదిగించే మిషను కొత్త కాదు. 1880ల నాటికి పారిస్‌లో టార్నియే అనే వైద్యుడు అలాంటి మిషను చూసే పసిపిల్లల ఇంక్యుబేటర్ పెట్టించాడు. అది ఎందరినో బతికించింది. ఆ తర్వాత 1978లో కొలంబియాలోని బొగోటాలో ఇంక్యుబేటర్లు చాలక, డాక్టర్ ఎడ్గార్ రే పిల్లలను తల్లుల గుండెల మీద కట్టించాడు. అదే కంగారూ పద్ధతి. అలా పెరిగిన పిల్లలను ఇరవై ఏళ్ల తర్వాత మళ్లీ పరీక్షించి 2017లో ఫలితాలు ప్రకటించారు: దూకుడు, నిలకడ లేకపోవడం వాళ్లలో తక్కువ. మన దేశంతో సహా ఐదు దేశాల్లో జరిగిన అధ్యయనం 2021లో వచ్చింది. 1 నుంచి 1.8 కేజీల లోపు పిల్లలకు, స్థిమితపడేదాకా ఆగకుండా పుట్టిన వెంటనే కంగారూ మొదలుపెడితే మరణాలు నాలుగో వంతు తగ్గాయి. రోజుకు 8 నుంచి 24 గంటలు చేయమని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది.

తల్లే చేయాలని లేదు. ఆ మామ్మగారి కొడుకు కొబ్బరికాయలు ఒలిచే పని చేస్తాడు. అరచేతులు బెరడులా ఉంటాయి. "నా చేతులు గీసుకుంటాయండీ పాపకి" అని వెనక్కి జరిగాడు. చొక్కా విప్పించి, కుర్చీలో వెనక్కి వాల్చి, పాపను ఛాతీ మీద బోర్లా పడుకోబెట్టి తల పక్కకు తిప్పాం. చీర ముక్కతో చుట్టి కట్టాం. ఐదు నిమిషాలకు మానిటర్ మీద గుండె వేగం నెమ్మదించింది. అతను మాత్రం గంటన్నర సేపు కదల్లేదు, దోమ వాలినా చెయ్యి ఎత్తలేదు. మర్నాడు మామ్మగారు తనే వచ్చి "నేనూ కట్టుకోవచ్చా అమ్మా?" అని అడిగారు.

అపోహ: అంత చిన్న బిడ్డకు నొప్పి తెలియదు

1980ల దాకా చాలా దేశాల్లో వైద్యులే ఇలా అనుకున్నారు. నెల తక్కువ పిల్లలకు ఆపరేషన్లు కూడా సరైన మత్తు లేకుండా చేసేవారు. మన దేశం నుంచి ఆక్స్‌ఫర్డ్ వెళ్లిన డాక్టర్ కె.జె.ఎస్. ఆనంద్, ఆయన బృందం 1987లో అది తప్పని చూపించారు. మళ్లీ మళ్లీ కలిగే నొప్పి పెరిగే మెదడు మీద కూడా ప్రభావం చూపుతుంది. మడమలో సూది గుచ్చేటప్పుడు బిడ్డను రొమ్ము దగ్గర పెట్టుకోనివ్వమని నర్సును అడగండి. అడగడం మీ హక్కు.

ఇంట్లో చేసే వైద్యాల గురించి రెండు ముక్కలు. మాడుకు ఆముదం అంటితే మెదడుకు బలం రాదు, మాడు దానంతట అదే ఏడాది, ఏడాదిన్నరకు పూడుకుంటుంది. వస కొమ్ము నాకిస్తే మాటలు రావు. బిడ్డతో రోజంతా మాట్లాడితే వస్తాయి. తేనె ఏడాది లోపు ఎవరికీ వద్దు. ముక్కులో నూనె చుక్కలు అసలే వద్దు, మింగడం, ఊపిరి రెండూ ఇంకా కుదురుకోని బిడ్డకు అది ఊపిరితిత్తుల్లోకి పోతుంది.

అపోహ: బరువు పెరిగింది కదా, ఇక ఆసుపత్రి ఎందుకు

ఒక బాబును పద్నాలుగు నెలలకు తీసుకొచ్చారు. 29 వారాలకు పుట్టాడు. డిశ్చార్జి అయ్యాక మళ్లీ ఎక్కడా చూపించలేదు. ముద్దుగా ఉన్నాడు, తొమ్మిది కేజీలు. కూర్చోబెడితే పక్కకు ఒరిగిపోతున్నాడు. ఎత్తి నిలబెడితే కాళ్లు కత్తెరలా పెనవేసుకుంటున్నాయి. "నెల తక్కువ కదండీ, నిదానంగా వస్తాయన్నారు అందరూ" అంది తల్లి. తల్లి తప్పు లేదు. ఎప్పుడు రావాలో, ఏం చూసుకోవాలో ఆమెకు అర్థమయ్యేలా ఎవరూ చెప్పలేదు.

నిదానం అనే మాటకు ఒక లెక్క ఉంది. ఎనిమిది వారాలు ముందు పుట్టిన బిడ్డకు ఆరు నెలలు వస్తే, ఆ ఎనిమిది వారాలు తీసేసి నాలుగు నెలల బిడ్డగా చూడాలి. రెండేళ్ల దాకా ఇదే లెక్క. ఈ సవరించిన వయసుకు కూడా పనులు రాకపోతే అది నిదానం కాదు, చూపించుకోవాల్సిన విషయం. సవరించిన వయసు నాలుగు నెలలు దాటినా బొటనవేలు లోపల పెట్టి పిడికిలి బిగించే ఉంచడం, గుడ్డ మార్చేటప్పుడు తొడలు విడదీయడం కష్టం కావడం, ఎప్పుడూ ఒకే చెయ్యి చాచడం, ఇవి కనిపిస్తే వెంటనే రండి. సవరించిన మూడు నెలల దగ్గర బిడ్డ వెల్లకిలా పడుకుని కాళ్లూ చేతులూ ఎలా ఆడిస్తోందో చూసి, తర్వాత వచ్చే ఇబ్బందిని చాలావరకు ముందే పట్టుకోగలం. అప్పుడు మొదలుపెట్టిన థెరపీకి, పద్నాలుగు నెలలకు మొదలుపెట్టినదానికి చాలా తేడా ఉంటుంది. ప్రభుత్వం పిల్లల ఆరోగ్యం కోసం నడిపే ఆర్‌బీఎస్‌కే పథకం కింద జిల్లా స్థాయిలో ఉన్న డీఈఐసీ కేంద్రాల్లో (ఎదుగుదల లోపాలను ముందే గుర్తించి సాయం చేసే కేంద్రాలు) ఈ సేవలు ఉచితం.

వినికిడి పరీక్ష నెలలోపు చేయించాలి. లోపం ఉందో లేదో మూడు నెలలకల్లా తేలాలి, ఉంటే ఆరు నెలలలోపు వైద్యం మొదలవ్వాలి. 34 వారాల లోపు గానీ, రెండు కేజీల లోపు గానీ పుట్టిన ప్రతి బిడ్డకూ పుట్టిన నాలుగు వారాలకల్లా కంటి వెనక తెర చూడాలి. 28 వారాల లోపు గానీ, 1,200 గ్రాముల లోపు గానీ అయితే రెండు మూడు వారాలకే. బయటికి కన్ను ఎంత చక్కగా కనబడినా సరే.

డిశ్చార్జి కాగితం పైన నేను ఎర్ర ఇంకుతో రెండు తేదీలు రాస్తాను. ఒకటి కంటి పరీక్ష, రెండోది సవరించిన వయసు మూడు నెలలు నిండే రోజు. వాటిని ఇంట్లో గోడ క్యాలెండర్ మీద ఎక్కించండి. ఆ రోజు బిడ్డ ఎంత హుషారుగా ఆడుకుంటున్నా, బరువు ఎంత పెరిగినా తీసుకురండి. వచ్చేటప్పుడు పాత స్కాన్ కాగితాలు కూడా తెచ్చుకోండి.